టీచరు చేతిలో అయిదు వేలు

నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండ కింద చెక్క చెంచాలు, గరిటెలు చేసి బతికే కుటుంబాలున్నాయి. నర్ది, బిక్కి లాంటి అడవి కొయ్యని ఉలితో తొలిచి, ఆకురాయితో నునుపు పట్టే పని. దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) కూడా ఉంది. కొన్నేళ్ల కిందట అలాంటి ఒక పనివాడి దగ్గరికి వెళ్లి, గరిటెలు వద్దుగానీ గిద్దె, అరసోల, సోల, తవ్వ, మానిక చేసిపెట్టమని అడిగాను. నేను లెక్కల టీచర్ని. ఆరో తరగతికి భిన్నాలు మొదలుపెట్టాల్సిన వారం అది.

మన పాత కొలతల్లో ఒక గొప్ప వసతి ఉంది. రెండు గిద్దెలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మానికని ఒకటి అనుకుంటే తవ్వ సగం, సోల పావు, అరసోల ఎనిమిదో వంతు, గిద్దె పదహారో వంతు. మన పెద్దలు ఎనిమిదో వంతుని పరక అనీ, పదహారో వంతుని వీసం అనీ పిలుచుకున్నారు. భిన్నాల పాఠమంతా అవ్వ గాదె దగ్గరే ఉంది. పిల్లల చేతికి అందేలా చేస్తే చాలనుకున్నాను. అసలు సైజు అక్కర్లేదు, చిన్నవే చెయ్యి, దామాషా మాత్రం తప్పకూడదన్నాను. అతను సన్న ఇసక తెప్పించుకుని, చిన్నదానితో పెద్దదాన్ని నింపి చూసుకుంటూ, ఎక్కడ తక్కువైతే అక్కడ లోపలి గోడ గీకుతూ పోయాడు. రెండు రోజుల పని. పద్నాలుగు వందలు తీసుకున్నాడు.

క్లాసులో మొదటి గొడవ నేననుకోని చోట వచ్చింది. ఒక పిల్ల బియ్యం శిగతో, అంటే పైన కుప్పగా పోసింది, ఇంకొక పిల్లాడు తలకొట్టి, అంటే అంచుకి సమంగా చదును చేసి పోశాడు. రెండు సోలలు పోసినా ఒకరికి తవ్వ పొంగిపోయింది, ఇంకొకరికి సరిపోయింది. ఇద్దరూ వాదించుకుని, కొలత ఒకేలా ఉంటే తప్ప సగానికి అర్థం లేదని తేల్చుకున్నారు. పావుకి ఎనిమిదో వంతు కలపమంటే పైవి పైన, కిందివి కింద కూడేసి పన్నెండింట రెండు అని రాసే పిల్లలే, సోలకి అరసోల కలిపి, మూడు అరసోలలని వేళ్ల మీద లెక్కేసి, ఎనిమిదింట మూడు అన్నారు. ఇరవై ఏళ్లుగా నల్లబల్ల మీద చెప్తున్న సంగతి అది.

ఆ పద్నాలుగు వందలకి బిల్లు కావాల్సి వచ్చింది. పనివాణ్ని అడిగితే, "బిల్లంటే యాడుంటాది సార్ మా దగ్గర? చెంచాలు చేసేవోళ్లం గదా" అన్నాడు. తెల్ల కాగితం మీద రసీదు రాసి సంతకం పెట్టాడు. జీఎస్టీ నంబరు లేని కాగితం చెల్లదని పైనుంచి తిప్పి పంపారు. డబ్బు నా జేబులోంచి పోయింది, అంతవరకు ఫరవాలేదు. మర్నాటి నుంచి నేను ఉదయగిరి వెళ్లకుండా స్టేషనరీ షాపుకి వెళ్లడం మొదలుపెట్టాను. నన్ను ఈ వ్యాసం రాయించింది ఆ మార్పే.

ప్రభుత్వ బడిలో టీచరు తానే ఆలోచించి, తానే కొని, తన పిల్లలతో చేసే చిన్న ప్రయోగానికి రెండు వేల నుంచి పదివేల దాకా చాలు. అంత చిన్న మొత్తం ఎందుకు దొరకదు? దొరికినా ఎందుకు ఆ పనికి ఉపయోగపడదు? ప్రభుత్వం దగ్గర డబ్బు లేదనో, టీచర్లకి ఆసక్తి లేదనో చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. విషయం అంత సులువుగా లేదు.

బడికొచ్చే డబ్బు

ఇప్పుడు ప్రభుత్వ బడికి ఏటా వచ్చే ప్రధానమైన చిల్లర డబ్బు సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ఇచ్చే సంయుక్త పాఠశాల గ్రాంటు. మనం మామూలుగా స్కూల్ గ్రాంటు అంటాం. పిల్లల సంఖ్యని బట్టి ఉంటుంది. ముప్పై మంది లోపు ఉంటే 10,000 రూపాయల వరకు, వంద లోపు 25,000, రెండు వందల యాభై లోపు 50,000, వెయ్యి లోపు 75,000, వెయ్యి దాటితే లక్ష. ఇందులో కనీసం పదో వంతు శుభ్రతకి వాడాలి.

ఇరవై ఎనిమిది మంది పిల్లలున్న మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల తీసుకోండి. వరికుంటపాడు వైపో, వెలిగండ్ల వైపో అలాంటి బళ్లు ఎన్నో. పదివేలలో వెయ్యి శుభ్రతకి పోతే మిగిలేది తొమ్మిది వేలు, నెలకి 750. సుద్దముక్కలు, రిజిస్టర్లు, ట్యూబులైటు, కుళాయి వాషర్లు, ఆగస్టు పదిహేనుకి జెండా తాడు, బిస్కెట్లు, జిరాక్సులు, కరెంటు బిల్లు అన్నీ ఇందులోవే. నిబంధనల్లో బోధన సామగ్రి కూడా ఈ గ్రాంటులోనే కొనుక్కోవచ్చని ఉంది. కొనుక్కోవచ్చు నిజమే. కుళాయి కారుతుంటే ఏ హెచ్‌ఎం అయినా ముందు వాషరు కొంటాడు, నేనైనా అదే చేస్తాను. అన్నిటికీ ఒకే సంచి అయినప్పుడు ఊహకి వాటా ఆఖరున వస్తుంది.

పెద్ద బడికి ఎక్కువ డబ్బు వస్తుందిగా అనుకుంటాం. తలసరి చూస్తే తిరగబడుతుంది. ఇరవై ఎనిమిది మంది బడిలో ఒక్కొక్కరికి 357 రూపాయలు పడితే, 240 మంది ఉన్నచోట 208, తొమ్మిది వందల మంది ఉన్న జెడ్పీ హైస్కూల్లో 83. చిన్న బడికి మొత్తం చాలదు, పెద్ద బడికి తలసరి చాలదు.

దీనికి బయట లైబ్రరీకి, ఆటలకి విడిగా గ్రాంట్లున్నాయి. ప్రాథమిక పాఠశాలకి ఆటల పద్దు కింద 5,000, ఉన్నత పాఠశాలకి 25,000 వరకు. అవి దేనికి ఇచ్చారో దానికే వాడాలి, అలా ఉండడం మంచిదే. ఇక పెద్ద డబ్బులో అందరికీ తెలిసింది అటల్ టింకరింగ్ ల్యాబ్, పిల్లలు తమ చేత్తో పరికరాలు చేసి నేర్చుకునే గది. నీతి ఆయోగ్ కింద నడుస్తుంది, ఎంపికైన బడికి అయిదేళ్ల మీద 20 లక్షలు. పిల్లల సైన్సు ఆలోచనలకి డబ్బిచ్చే ఇన్‌స్పైర్ మానక్‌లో ఎంపికైన ఆలోచనకి 10,000 నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో వేస్తారు. రెండూ మంచి పథకాలే. రెండో దాంట్లో మెచ్చుకోవలసింది, ఆలోచన పిల్లలదైతే డబ్బూ పిల్లల పేరనే వస్తుంది. టీచరుకి ఆలోచన వస్తే ఆమె పేరన వచ్చే పద్దు మాత్రం ఇవాళ లేదు. ఒక ల్యాబుకి పెట్టే 20 లక్షలతో నాలుగు వందల మంది టీచర్లకి తలా అయిదు వేలు ఇవ్వొచ్చు. ల్యాబు తీసేయమని నేననను. ఎంత డబ్బు గురించి మాట్లాడుతున్నామో తెలియాలని ఈ లెక్క.

అయిదు వందల రూపాయల రోజులు

ఒకప్పుడు టీచరు పేరన డబ్బు వచ్చేది. ముప్పై ఏళ్ల సర్వీసు దాటినవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు.

1980లలో బ్రిటిష్ సాయంతో మన రాష్ట్రంలో ప్రాథమిక విద్యా పథకం, అదే ఏపీపీఈపీ, మొదలైంది. అది తెచ్చిన పెద్ద మార్పు టీచర్ సెంటర్లు. చుట్టుపక్కల బళ్ల టీచర్లు ఒకచోట చేరి, పాఠం ఎలా చెప్పామో చూపించుకుని, పరిసరాల్లో దొరికే వాటితో సామగ్రి తయారుచేసుకునేవారు. పిల్లలు చేసిన పనిని గోడకి పెట్టడం, స్థానిక పరిసరాన్ని వాడుకోవడం ఆ పథకం చెప్పిన సూత్రాల్లోవే. 1996లో డీపీఈపీ, అంటే జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం, వచ్చింది. మొదటి విడతలో రాష్ట్రంలో అయిదు జిల్లాలు తీసుకుంటే అందులో నెల్లూరు ఒకటి, ప్రకాశం తర్వాతి విడతలో చేరింది. అప్పుడే ప్రతి టీచరుకీ ఏడాదికి 500, ప్రతి బడికీ 2,000 వచ్చేవి. తర్వాత సర్వశిక్షా అభియాన్ కూడా ఆ అయిదు వందలని కొనసాగించింది.

ఆ డబ్బుతో ఏం కొన్నారు అంటే, నిజం చెప్పాలి, చాలాచోట్ల చార్టులు కొన్నారు. అట్టముక్కలు, థర్మాకోలు, స్కెచ్ పెన్నులు. కొన్ని బీరువా దిగకుండానే చెదలు తిన్నాయి. కానీ కొందరు దాంతో అద్భుతాలు చేశారు. ఆ తేడా ఎక్కడ వచ్చిందో ఆలోచిస్తే నాకు టీచర్ సెంటరే కనిపిస్తుంది. ఎవరికి చూపించాలో తెలిసిన టీచరు బాగా చేసింది. చూడ్డానికి ఎవరూ రానిచోట అయిదు వందలు ఖర్చు రాసుకోవడంతో సరిపోయింది. తోటి టీచరు కుతూహలం ఆ అయిదు వందలకి కాపలా కాసింది.

2018లో సమగ్ర శిక్ష వచ్చాక విడివిడి గ్రాంట్లని ఒకే సంయుక్త గ్రాంటులో కలిపారు. లెక్కలు తేలికయ్యాయి. బడి తన అవసరాన్ని బట్టి వాడుకోవచ్చన్నది దాని వెనకున్న మంచి ఉద్దేశం. ఆ కలిపిన గ్రాంటులో టీచరు పేరన విడి వాటా మాత్రం లేదు.

మన రాష్ట్రంలోనే జరిగిన ఒక పరిశోధన

బడికి చిన్న గ్రాంటు ఇస్తే పిల్లల చదువు బాగుపడుతుందా? దీనికి మంచి జవాబు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల నుంచే వచ్చింది. 2005 తర్వాత కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ తదితరులు ఇక్కడ పెద్ద అధ్యయనం నడిపారు. అందులో భాగంగా లాటరీ పద్ధతిలో ఎంచుకున్న వంద ప్రభుత్వ బళ్లకి పిల్లాడికి 125 రూపాయల లెక్కన గ్రాంటు ఇచ్చి, ఇవ్వని బళ్లతో పోల్చి చూశారు. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి.

మొదటి ఏడాది గ్రాంటు చెప్పాపెట్టకుండా వచ్చింది. ఆ బళ్లలో పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది అదే గ్రాంటు, అవే బళ్లు. ఆ ఏడాది చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. ఎందుకంటే ఈసారి తల్లిదండ్రులకి ముందే తెలుసు. నోటు పుస్తకాలు, రాత సామాను బడే ఇస్తుంది కదా అని, తాము పెట్టే ఖర్చు దాదాపు అంతే తగ్గించుకున్నారు. కూలి చేసుకునే ఇంట్లో ఆ వందో నూటయాభయ్యో ఇంకో అవసరానికి పోయింది. వాళ్లని తప్పుపట్టే పనే లేదు, తెలివైన ఇల్లాలు ఎవరైనా అదే చేస్తుంది. కాకపోతే పిల్లాడి చదువు మీద పెట్టిన మొత్తం ఖర్చు మారలేదు, కాబట్టి చదువూ మారలేదు.

చిన్న గ్రాంట్లు దండగ అనడానికి ఈ పరిశోధనని వాడేవాళ్లున్నారు. నాకు అది వేరే సంగతి చెప్తుంది. తల్లిదండ్రులు ఎలాగూ కొనే వస్తువుకి గ్రాంటు ఇస్తే, అది పిల్లాడి దగ్గరికి చేరేలోపు ఇంటి బడ్జెట్లో కలిసిపోతుంది. ఏ తల్లీ ఎలాగూ కొనని వస్తువుకి ఇస్తే కలిసిపోవడానికి దారి లేదు. భిన్నాలు చెప్పడానికి చెక్క సోలలు ఏ ఇంట్లోనూ కొనరు. శాఖ కూడా కొనదు, ఎందుకంటే రాష్ట్రమంతటికీ ఒకే టెండరులో తెచ్చే కిట్‌లో ఉదయగిరి పనివాడికి చోటుండదు. ఇల్లు కొననిదీ, శాఖ కొనలేనిదీ అయిన ఆ సన్నటి సందులో టీచరు ఊహ ఉంటుంది. అక్కడ పెట్టిన రూపాయి మొత్తం కొత్త రూపాయే. ఇది పరిశోధకులు రాసింది కాదు, వాళ్ల ఫలితం నుంచి నేను తీసుకున్నది. అయినా ఈ విషయంలో నాకు గట్టి నమ్మకముంది.

కనిగిరి నీళ్లు

కనిగిరి వైపు జెడ్పీ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే నా స్నేహితురాలి సంగతి చెప్తాను. ఆ ప్రాంతంలో ఫ్లోరైడు బాధ తెలియనిది కాదు. పళ్ల మీద గోధుమరంగు చారలున్న పిల్లలు ప్రతి క్లాసులోనూ కనిపిస్తారు. పాఠ్యపుస్తకంలో ఎముకల పాఠం వచ్చినప్పుడు, మన ఊరి నీళ్లే పరీక్ష చేద్దామని ఆమెకి అనిపించింది. పూర్వ విద్యార్థి ఒకతను నాలుగు వేలు పంపాడు. ఆ డబ్బుతో నీటి పరీక్ష కిట్ ఒకటి, మూతలున్న సీసాలు, లేబుళ్లు కొన్నది.

పంచాయతీ కార్యదర్శికి ముందే చెప్పి, తొమ్మిదో తరగతి పిల్లలు పదకొండు చోట్ల నీళ్లు పట్టుకొచ్చారు. చేతిపంపు, పొలంలో బోరు, ఇంటి కుళాయి, ఆర్వో ప్లాంటు క్యాను. సీసాలో నీళ్లు పోసి మందు చుక్కలు వేసి ఊపితే, ఫ్లోరైడు తక్కువుంటే గులాబీ రంగు నిలుస్తుంది, ఎక్కువయ్యే కొద్దీ పసుపు వైపు తిరుగుతుంది. పక్కన రంగుల అట్ట పెట్టి పోల్చుకోవాలి. లీటరుకి ఒక మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా తాగొచ్చని భారత ప్రమాణం. ఒక పిల్ల తమ ఇంటి బోరు సీసా పసుపుకి తిరగడం చూసి చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత అడిగిన ప్రశ్న, "కాచి తాగితే పోతుందా టీచర్?" పోదు. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన నీళ్లలో ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. ఆ ఒక్క సంగతి ఆ సాయంత్రం పదకొండు ఇళ్లకి చేరింది. పిల్లలు పాత మార్కాపురం పలకల మీద ఒక్కో చోటి ఫలితం రాసి, తేదీ వేసి, క్లాసు గోడకి వరసగా తగిలించారు. దేశంలో ఎన్నో బళ్లకి పలకలు పంపిన జిల్లాలో, పలకకి దొరికిన కొత్త పని అది.

మరుసటి ఏడాది మందు అయిపోయింది. మళ్లీ పరీక్ష చేస్తే వానల ముందు, వానల తర్వాత తేడా తెలుస్తుంది, అసలు సైన్సు అక్కడే మొదలవుతుంది. ఆమె ఇంకో రెండు వేలు కావాలని అడిగితే, పోయినేడు ఇచ్చిందానికి చూపించడానికి ఏముంది అన్న జవాబు వచ్చింది. ఖాళీ సీసాలున్నాయి. వాడితే అయిపోయేదానికి డబ్బివ్వడం ఇచ్చేవాళ్లకి వృథాలా అనిపిస్తుంది. చదువులో పనికొచ్చేవి చాలావరకు వాడితే అయిపోయేవే.

బిల్లూ, మార్చీ

డబ్బు మంజూరైన తర్వాత కూడా రెండు గడపలు దాటాలి.

మొదటిది కాలం. మన బళ్లు మామూలుగా జూన్ 12న తెరుస్తారు, ఏప్రిల్ ఆఖరు వారంలో మూస్తారు. ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్లో మొదలై మార్చి 31న ముగుస్తుంది. గ్రాంటు విడతలుగా వస్తుంది, చివరి విడత తరచుగా సంక్రాంతి దాటాకే. అప్పటికి టెన్త్ పిల్లలకి రివిజన్లు, టీచర్లకి పరీక్ష డ్యూటీలు. 2021 నుంచి సింగిల్ నోడల్ ఏజెన్సీ పద్ధతి వచ్చింది. డబ్బు బడి ఖాతాలో ఉండదు. పై స్థాయిలోనే ఉంటుంది, బడికి ఇంత వాడుకోవచ్చని పరిమితి ఇస్తారు. ఎక్కడ ఎంత ఖర్చయిందో పైనుంచి కనపడుతుంది, వేల ఖాతాల్లో డబ్బు ఊరికే పడుండదు. ఆ మేలు కాదనలేం. కానీ మార్చి 31 దాటితే వాడని పరిమితి చేజారుతుంది. అందుకే ఫిబ్రవరి, మార్చిల్లో హడావిడిగా కొనేస్తారు. హడావిడిలో కొనగలిగింది షాపులో సిద్ధంగా ఉన్నదే. విత్తనాలు జూలైలో చల్లాలి, వానకొలత జూన్ నుంచి రాయాలి, కంభం చెరువు దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లాలంటే నీళ్లున్న నెలలు చూసుకోవాలి. వీటిలో ఏదీ మార్చిలో కుదరదు.

రెండోది రుజువు. ఆడిట్ అవసరం గురించి నాకు ఏ సందేహమూ లేదు. ప్రజల డబ్బు, పైసాతో సహా లెక్క చెప్పాలి. క్యాష్ బుక్, ఓచర్లు, స్టాక్ రిజిస్టర్, చివర్లో వినియోగ ధ్రువపత్రం. చిక్కల్లా ఏ కాగితాన్ని రుజువుగా ఒప్పుకుంటారన్న దగ్గరే. ఏడాదికి 40 లక్షల అమ్మకం దాటని చిన్న సరుకు వ్యాపారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ మామూలుగా తప్పనిసరి కాదని చట్టమే అంటోంది. అలాంటప్పుడు చెంచాలు చేసే మనిషిని ఆ నంబరు ఎలా అడుగుతాం? సంతలో వెదురుబుట్టలమ్మే ఆమెని, తోలుబొమ్మలు కత్తిరించే పెద్దాయన్ని, పిల్లల నాటకానికి బట్టలు కుట్టే టైలర్ని ఎలా అడుగుతాం? బిల్లు పుస్తకం ఉన్న షాపులో దొరికేది ఎక్కడైనా ఒకటే. చెన్నై నుంచో విజయవాడ నుంచో వచ్చిన ప్లాస్టిక్ గ్లోబు, లామినేషన్ చార్టు. చేతిరాత రసీదు ఒప్పుకోని నిబంధన, ఎవరూ అనుకోకుండానే, అన్ని బళ్ల ఊహనీ ఒకే షాపుకి తోలుతోంది. దొంగ లెక్కలు ఆపడానికి పెట్టిన కట్టు, దొంగకంటే ముందు వడ్రంగిని ఆపుతోంది. దొంగ బిల్లు కావాలనుకునేవాడికి అది దొరకడం ఏమంత కష్టమో అందరికీ తెలుసు.

దాతల డబ్బు

ప్రభుత్వం సంగతి సరే, దాతలున్నారు కదా. మన నెల్లూరు, ప్రకాశం వైపు బళ్లకి ఇచ్చే చెయ్యి తక్కువేం లేదు. గేటు దగ్గర ఆర్చీలు, నీళ్ల ప్లాంట్లు, బెంచీలు, స్టేజీలు. ప్రతిదాని మీద ఒక కుటుంబం పేరు, తలుచుకున్న తల్లిదండ్రుల పేరు. ఆ ప్రేమ నిజమైంది. పెద్ద కంపెనీలు 2013 కంపెనీల చట్టం ప్రకారం సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి, విద్య ఆ జాబితాలో ఉంది. వాళ్లకి లెక్కపెట్టగలిగేవి కావాలి, ఇన్ని గదులు, ఇన్ని ట్యాబులు అని. గ్రానైట్ క్వారీలూ రేవూ ఉన్న జిల్లాల్లో ఆ డబ్బు తక్కువేం కాదు. కానీ అయిదు వేల చొప్పున నలభై మంది టీచర్లకి ఇచ్చి, నలభై కథలు విని, నలభై రసీదులు సర్దుకునే ఓపిక ఏ కార్యాలయానికి ఉంటుంది? చిన్న మొత్తం ఇవ్వడమే ఖరీదైన పని. మధ్యలో ఆ భారం మోసే మనుషులు కావాలి.

అమెరికాలో దీనికి ఒక దారి దొరికింది. 2000లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో పనిచేసే చార్లెస్ బెస్ట్ అనే టీచరు డోనర్స్‌చూజ్ మొదలుపెట్టాడు. టీచరు తన క్లాసుకి ఏం కావాలో, ఎందుకో రాస్తుంది. ఎక్కడో ఉన్న దాత చదివి, నచ్చితే ఇస్తాడు. సంస్థ టీచరు చేతికి నగదు ఇవ్వదు, ఆ వస్తువుని తానే కొని బడికి పంపుతుంది. బిల్లు బాధ టీచరుకి ఉండదు, దాతకి అనుమానం ఉండదు. మన దేశంలో దీనికి కాస్త దగ్గరగా ఉన్నది విద్యాంజలి. 2021లో కొత్త రూపంలో వచ్చింది. బడి తన అవసరాలు రాస్తే, సేవ చేసేవాళ్లు, వస్తువులిచ్చేవాళ్లు ముందుకి రావొచ్చు.

ఆ పద్ధతిలో నాకు నచ్చింది టీచరు కారణం రాయాల్సి రావడం. భయం కలిగించేదీ అదే. బాగా రాయగలిగినవాళ్లకీ, మంచి ఫోటో తీయగలిగినవాళ్లకీ, హైవే పక్క బడికీ డబ్బు వస్తుంది. అయిదు తరగతులు ఒక్కరే చెప్పుకుంటూ, మధ్యాహ్న భోజనం వివరాలు అప్‌లోడ్ చేస్తూ ఉండే ఏకోపాధ్యాయ బడి టీచరుకి ఆ కారణం రాసే సాయంత్రం ఎక్కడ మిగులుతుంది? నలుగురు పోటీపడే గ్రాంటు ఏదైనా, ఇప్పటికే కాస్త ఊపిరి ఉన్న బడికే ముందు చేరుతుంది. దీన్ని ముందే ఒప్పుకుని, ఏకోపాధ్యాయ బళ్లకి విడిగా వాటా పెట్టకపోతే, మంచి ఉద్దేశంతోనే తేడా పెంచిన వాళ్లమవుతాం.

ఎలా ఇస్తే నిలబడుతుంది

నా అనుభవంలో నుంచి, నాతోటి టీచర్లతో మాట్లాడిన దాంట్లోంచి, నాకు సరైనదనిపించింది చెప్తాను.

ఒక మండలంలో వంద మంది టీచర్లున్నారనుకుందాం. అందరూ అడగరు, అడగాలనీ లేదు. పాతిక మంది అడిగి తలా అయిదు వేలు తీసుకుంటే లక్షా పాతిక వేలు. 2025లో తల్లికి వందనం కింద ఒక్కో విద్యార్థికి 15,000 కేటాయించి, 13,000 తల్లి ఖాతాలో వేసి, 2,000 బళ్ల నిర్వహణకి పక్కన పెట్టారు. అరవై మూడు మంది పిల్లల తరఫున పక్కన పెట్టిన మొత్తంతో మండలం మొత్తానికీ సరిపోతుంది. మొత్తం గురించి ఇక మాట్లాడనవసరం లేదనుకుంటాను.

ఆ డబ్బు స్కూల్ గ్రాంటులో కలవకుండా, టీచరు పేరన ఉండాలి. దరఖాస్తు ఒక్క పేజీ, తెలుగులో. ఏ పాఠం, పిల్లలకి ఎక్కడ అడ్డం పడుతోంది, నేను ఏం చేద్దామనుకుంటున్నాను, ఏం కొంటాను. రాయలేనివాళ్లు చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగులో లేచి నిలబడి చెప్పినా సరే, అక్కడి సిబ్బంది ఎవరైనా రాసుకుంటారు. నిర్ణయం కాంప్లెక్సులోనే, తోటి టీచర్లే చెయ్యాలి. జూలై దాటకుండా డబ్బు రావాలి, వాడడానికి వచ్చే జూలై దాకా గడువుండాలి. వాడితే అయిపోయేవి కొనడానికి, అదే పని రెండో ఏడాది కొనసాగించడానికి అడ్డు చెప్పకూడదు. పక్క బడి టీచరు ఎవరైనా చూసి తన క్లాసులో చేస్తానంటే, ఆమెకీ ఇవ్వాలి. కొత్తదనం కోసం పోటీ పెడితే మంచి ఆలోచన ఒకే గదిలో చచ్చిపోతుంది. ఎనిమిది విద్యా సంవత్సరాలు నిండితే టీచరుకి బదిలీ తప్పదు. పక్కవాళ్లకి అంటుకున్న పని మాత్రమే ఆ బదిలీ తర్వాత బతుకుతుంది.

పని ఫలించకపోతే? ఫలించలేదని రాసివ్వగలగాలి. మేళాలో చూపించడానికి బాగున్నదాన్నే చెయ్యాలన్న ఒత్తిడి మా టీచర్ల మీద చాలా ఉంది. నేను ఒకసారి వెదురుతో కోణమానిని చేయించాను, ఎండకి వంగిపోయింది, కొలతలన్నీ తప్పాయి. నలుగురికి చెప్తే ఇంకో నలుగురు ఆ పొరపాటు చెయ్యకుండా ఉంటారు. చెప్పడానికి ఆరోజు నాకు ధైర్యం చాలలేదు.

రుజువు విషయంలో పరిష్కారం చట్టంలోనే దొరుకుతుందని నా ఆశ. విద్యా హక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, గ్రాంట్ల వాడకం చూడడం ఆ కమిటీ బాధ్యత. 22వ సెక్షను ప్రకారం పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేదీ ఆ కమిటీయే. పద్నాలుగు వందల వస్తువుకి ఎక్కడో కూర్చున్న గుమాస్తా సంతృప్తి పడడం కంటే, ఆ వస్తువుని చేత్తో పట్టుకుని చూసే ఎనిమిది మంది తల్లులు సంతృప్తి పడడం గట్టి ఆడిట్. పనివాడి చేతిరాత రసీదు, అతని ఫోన్ నంబరు, వస్తువు ఫోటో, కమిటీ సంతకాలు. అయిదు వేల లోపు దానికి ఇవి చాలని శాఖ ఒక్క ఉత్తర్వు ఇస్తే, ఉదయగిరి వడ్రంగికీ కనిగిరి సంతకీ బడితో సంబంధం మళ్లీ కలుస్తుంది. ఉత్తర్వు వచ్చేదాకా దాతల డబ్బుకైనా ఈ పద్ధతి పాటించవచ్చు, దానికి ఎవరి అనుమతీ అడ్డు రాదు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కమిటీలో ఉన్న తల్లిదండ్రులెవరైనా ఇది చదువుతుంటే, వచ్చే సమావేశంలో టీచర్లని ఒకటి అడగండి: "ఏ పాఠం చెప్పడం కష్టంగా ఉంది, దానికి ఏం కావాలి?" మా కమిటీలో ఒకమ్మ పోయినేడు ఇదే అడిగింది. ఆమె బీడీ కట్టల పని చేస్తుంది, సంతకం మాత్రమే వచ్చు. చెక్క సోలలు చేతిలోకి తీసుకుని, తలకొట్టి పోస్తే సరిపోతాయో లేదో బియ్యంతో తానే చూసుకుంది. తర్వాత తీర్మానాల పుస్తకంలో హెచ్‌ఎం గారు రాసి చదివి వినిపించిన వాక్యం ఇది: "ఆరో తరగతి లెక్కల పాఠం కోసం గిద్దె ఒకటి పోయినందున, కొత్తది చేయించుటకు నూట ఇరవై రూపాయలు మించకుండా, పనివాని చేతి రసీదుపై చెల్లించుటకు కమిటీ అంగీకరించడమైనది."